తూకం రాయి, థర్మల్ గన్, మిస్సైల్ కన్ను

పోస్టు కొంచెం పొడుగు. తీరిక ఉన్నప్పుడే చదవండి.

మేం ముగ్గురం. ఒకడిది పాడేరు వైపు కొండ మీద ఊరు. ఒకమ్మాయిది భద్రాచలం అవతల చర్ల దారిలో కోయగూడెం. ఇంకొకడిది మహబూబాబాద్ జిల్లాలో తండా. (కోయలు, లంబాడాలు ఒకే రూములో కూర్చుని ప్రాజెక్టు ఎలా చేశారని కొందరు ఇప్పటికే అడిగారు. గొడవలు పడుతూనే చేశాం. అది ఇంకో పోస్టు.) హైదరాబాద్‌లో ఇన్‌స్ట్రుమెంటేషన్ చదువుతూ చివరి ఏడాది ప్రాజెక్టు కోసం ఒక చిన్న కాలిబ్రేషన్ ల్యాబులో ఆరు వారాలు ఉన్నాం. ఊళ్లో మాత్రం "మనోళ్లు మిస్సైళ్లు తయారు చేస్తున్నారంట" అని పాకిపోయింది. లేదు మావా, అంత లేదు. మేం చేసింది థర్మల్ కెమెరాకి కాలిబ్రేషన్. మాకు నేర్పిన సారు మాత్రం ఒకప్పుడు మిస్సైళ్ల ఇన్‌ఫ్రారెడ్ సెన్సార్ల దగ్గర పనిచేసినాయన. అక్కడి సంగతులు ఆయన చెప్పరు, మేం అడగలేదు. ఇక్కడ రాసేదంతా బయట పుస్తకాల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో ఉన్నదే.

మేం ఈ సబ్జెక్టు ఎందుకు పట్టుకున్నామో ముందు చెప్పాలి.

కరోనా తర్వాత బడులు మళ్లీ తెరిచిన ఏడాది, 2021 నవంబర్. పాడేరు వాడి తమ్ముడు ఆరో తరగతి, హాస్టల్లో ఉండేవాడు. ఊరి పేరు, హాస్టల్ పేరు రాయం. రోజూ పొద్దున పిల్లల్ని లైనులో నిలబెట్టి నుదుటి మీద థర్మల్ గన్ పెట్టేవాళ్లు, అంకె రిజిస్టర్‌లో రాసేవాళ్లు. ఆ రోజు వీడు వణుకుతున్నాడు. మన్యంలో నవంబర్ పొద్దున అందరూ వణుకుతారు. గన్ 97.6 చూపించింది. "నార్మల్" అని రాసి క్లాసుకి పంపేశారు. రాత్రికి వాడు మాట్లాడటం మానేశాడు. బండి మీద ఇద్దరి మధ్య కూర్చోబెట్టుకుని పీహెచ్‌సీకి, అక్కడి నుంచి పెద్దాసుపత్రికి తీసుకెళ్లారు. ఫాల్సిపారం మలేరియా. తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉన్నాడు. బతికాడు.

మూడేళ్ల పాటు మావాడి మనసులో ఒకటే మాట: ఆ గన్ దొంగది. ల్యాబులో చేరిన రెండో వారమే వాడు ఊరెళ్లి, వార్డెన్‌ని బతిమాలి ఆ గన్‌నే తెచ్చాడు. దాని తప్పు అంకెల్లో నిరూపిద్దామని.

కాలిబ్రేషన్ అంటే ఏంటో మనవాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. మన తాతలు సంతకి చింతపండు, పసుపు, కొండచీపుర్లు మోసుకెళ్లి తక్కెడ దగ్గర పడ్డ బాధే అది. తెలివైన తాత ఏం చేసేవాడు? ముందు ఖాళీ పళ్లేలు సమంగా నిలబడుతున్నాయా చూసేవాడు. తర్వాత తనకి తెలిసిన బరువు ఒకటి, ముద్ర ఉన్న కిలో రాయి, పెట్టి చూపించమనేవాడు. ఈ రెండు పరీక్షలూ పాసైతేనే తన సరుకు తక్కెడలో పెట్టేవాడు. ఖాళీ పళ్లెం పరీక్షని ఇంజినీరింగ్‌లో ఆఫ్‌సెట్ అంటారు. తెలిసిన రాయి పరీక్షని గెయిన్ అంటారు. నాలుగేళ్లు ఫీజు కట్టి నేర్చుకున్నది ఇదే అంటే మా నాన్నలు నవ్వుతారు.

ఇన్‌ఫ్రారెడ్‌లో తూకం రాయి ఏంటనేది అసలు ప్రశ్న. వేడిని కిలో రాయిలా సంచిలో వేసుకుని తిరగలేం కదా. దానికే బ్లాక్‌బాడీ అనే పరికరం. ఎండిన సొరకాయ బుర్ర మూతిలోకి ఎప్పుడైనా చూశారా? బుర్ర లోపల పసుపు రంగే ఉంటుంది, కానీ మూతిలోంచి చూస్తే నల్లగా కనిపిస్తుంది. లోపలికి పోయిన వెలుగు గోడలకి తగిలి తగిలి అక్కడే ఆరిపోతుంది, బయటికి రాదు. అలా వెలుగుని పూర్తిగా మింగేదాన్ని వేడి చేస్తే, దానిలోంచి వచ్చే ఇన్‌ఫ్రారెడ్ దాని ఉష్ణోగ్రత మీదే ఆధారపడుతుంది. అది ఇనుమా, రాగా, మట్టా అన్నది లెక్కలోకి రాదు. ఇన్ని డిగ్రీలకి ఇంత వెలుగు అని 1900లో ప్లాంక్ రాసిన సూత్రం చెప్పేస్తుంది. సొరబుర్ర ఉదాహరణ చెప్తే మా సారు పది నిమిషాలు మాట్లాడకుండా దాన్నే ఆలోచించారు. మర్నాడు "ఒక బుర్ర తెచ్చిపెట్టండిరా" అన్నారు.

మనిషి ఒంటి వేడి దగ్గర ఈ వెలుగు ఎక్కువగా 9, 10 మైక్రాన్ల దగ్గర ఉంటుంది. కంటికి కనపడదు. ఒక పక్క మాట: మన ఒళ్లు నలుపు కాబట్టి గన్ తప్పు చూపిస్తుందేమో అని మా హాస్టల్లో ఒకడు వాదించేవాడు. కాదు. ఆ మైక్రాన్లలో ఏ మనిషి చర్మమైనా దాదాపు పూర్తి నలుపే, 100కి 98 వంతులు. ఇన్‌ఫ్రారెడ్‌లో కలెక్టరు గారూ నల్లోడే, మనమూ నల్లోళ్లమే.

ల్యాబులో మాకిచ్చిన కెమెరాలో అడ్డంగా 320, నిలువుగా 240, మొత్తం 76,800 చుక్కలు. ప్రతి చుక్కా ఒక చిన్న తక్కెడ. 76,800 తక్కెడలూ ఒకే ఫ్యాక్టరీలో పుట్టినా ఏ రెండూ ఒకేలా తూయవు. కాలిబ్రేషన్ లేకుండా దానితో గోడని చూస్తే గోడ కనపడదు, వాన పడ్డ టీవీలా గీతలు, మచ్చలు కనపడతాయి. అందుకని బ్లాక్‌బాడీ పలకని 20 డిగ్రీల దగ్గర పెట్టి ఒకసారి, 40 దగ్గర పెట్టి ఒకసారి చదివించాలి. ఒక చుక్క 2100 అంటే, పక్క చుక్క అదే వేడికి 1950 అంటుంది. ఏ చుక్క ఎంత తప్పుతుందో పట్టిక రాసుకుని, ఆ తర్వాత తీసే ప్రతి బొమ్మలోనూ దానికి తగ్గట్టు సరిచేయాలి. అసలే పలకని చుక్కల్ని గుర్తుపెట్టి, పక్కవాటిని చూసి నింపాలి.

మొదటి మూడు రోజులు మా అంకెలు నిలబడలేదు. పలక 24 దగ్గర ఉంటే మాకు దాదాపు అర డిగ్రీ ఎక్కువ వచ్చేది, ఒక్కోసారి వచ్చేది కాదు. ప్రోగ్రాంలో తప్పని ఒకరినొకరం తిట్టుకున్నాం. సారు వచ్చి తలుపు దగ్గర నిలబడి కాసేపు చూశారు. "మీరు ముగ్గురూ పలక ముందు నుంచి లేవండి" అన్నారు. లేచాం. అర డిగ్రీ పోయింది. ఆ పలక 100లో 95 వంతులు తన సొంత వెలుగు ఇస్తుంది, మిగతా 5 వంతులు ఎదురుగా ఉన్నదాన్ని అద్దంలా తిప్పి చూపిస్తుంది. ఎదురుగా ఉన్నది మేమే. గది కంటే పది డిగ్రీలు వేడిగా, ముగ్గురు మనుషులం. కొలిచేవాడి ఒంటి వేడి కూడా కొలతలో పడుతుందని పుస్తకంలో చదివాం. మా అర డిగ్రీ పోయేదాకా నమ్మలేదు.

ఇప్పుడు మిస్సైళ్ల దగ్గరికి వస్తాం. మీద పడబోయే మిస్సైల్‌ని దారిలోనే కొట్టడానికి ఎదురుగా పంపేదాన్ని ఇంటర్‌సెప్టర్ అంటారు. 2014 ఏప్రిల్ 27న మన డీఆర్‌డీవో పీడీవీ అనే ఇంటర్‌సెప్టర్‌ని మొదటిసారి పరీక్షించింది. ఒడిశా తీరంలోని వీలర్ దీవి నుంచి లేచి, వాతావరణం దాటాక దాని ముందు తొడుగు ఊడిపోయి, లోపలున్న ఇన్‌ఫ్రారెడ్ కన్ను తెరుచుకుని టార్గెట్ కోసం చూసిందని అప్పటి ప్రకటనలో ఉంది. ఆ కన్నునే సీకర్ అంటారు.

అంత దూరం నుంచి చూస్తే టార్గెట్ బొమ్మలా కనపడదు. ఒకటి రెండు చుక్కలంతే. పైగా నిజమైన వార్‌హెడ్‌తో పాటు శత్రువు ఉత్త బెలూన్లు కూడా వదలొచ్చు. గాలి లేని చోట బరువైనదీ తేలికైనదీ ఒకే వేగంతో పోతాయి, కాబట్టి పోకడ చూసి తేడా పట్టలేం. మిగిలేది వేడి. పెద్దగా ఉండి చల్లగా ఉన్న వస్తువు, చిన్నగా ఉండి వేడిగా ఉన్న వస్తువు, దూరం నుంచి ఒక రంగులో సరిగ్గా ఒకే వెలుగు ఇవ్వొచ్చు. అందుకే రెండు ఇన్‌ఫ్రారెడ్ రంగుల్లో చూసి, ఒకదాన్ని ఇంకోదానితో భాగిస్తారు. భాగిస్తే సైజు పోతుంది, వేడి మిగులుతుంది. కానీ రెండు తక్కెడల్లో ఒకటి కొంచెం తప్పు తూసినా ఆ భాగహారం బెలూన్‌ని బాంబు చేస్తుంది, బాంబుని బెలూన్ చేస్తుంది. ఇంటర్‌సెప్టర్‌కి రెండోసారి చూసే టైము ఉండదు. కాబట్టి నేల మీద ఉండగానే ఆ కన్నుని తూచి పంపాలి.

నేల మీద తూచడమే కష్టం. అంతరిక్షం నేపథ్యం చల్లగా, నల్లగా ఉంటుంది. మన గదిలో గోడలు, బల్లలు, గాలి, మనుషులు అన్నీ 10 మైక్రాన్ల దగ్గర వెలుగుతూనే ఉంటాయి. మిణుగురు వెలుగు ఎంతో మిట్టమధ్యాహ్నం కొలిచినట్టు. దీనికి అమెరికా వాళ్లు చేసిన పని మమ్మల్ని బాగా ఆకట్టుకుంది. మేరీలాండ్‌లోని గేథర్స్‌బర్గ్‌లో ఎన్‌ఐఎస్‌టీ అని వాళ్ల కొలతల సంస్థ ఉంది, మనకి ఢిల్లీలో నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ఉన్నట్టు. అక్కడ పెద్ద ఇనుప గదిలో గాలి తీసేసి, లోపలి గోడల్ని హీలియంతో మైనస్ 250 డిగ్రీల దాకా చల్లబరుస్తారు. అంత చలిలో గోడలు ఇక వెలగవు. అప్పుడు చిన్న బ్లాక్‌బాడీ ఒక్కటే మిణుగురులా వెలుగుతుంది.

దాని వెలుగు ఎంతో చెప్పేదెవరు? అది కూడా తక్కెడే! ఒక నల్లటి చిన్న గిన్నెలోకి ఆ వెలుగు పడనిస్తారు, గిన్నె కొంచెం వేడెక్కుతుంది. తర్వాత వెలుగు ఆపేసి, అదే గిన్నెని కరెంటుతో అంతే వేడి చేస్తారు. ఎంత కరెంటు పట్టిందో అంత వెలుగు పడినట్టు. ఒక పళ్లెంలో వెలుగు, ఇంకో పళ్లెంలో కరెంటు. కరెంటుని కొలవడం మనుషులకి బాగా వచ్చు కాబట్టి చివరి రాయి అదే అవుతుంది. ఆ తూకాన్ని మోసుకెళ్లడానికి ఒక ప్రత్యేక పరికరం తయారు చేశారు. మిస్సైల్ డిఫెన్స్ సెన్సార్లని పరీక్షించే చోట్లకి దాన్నే తీసుకెళ్లి, అక్కడి తూకం రాళ్లని దీనితో పోల్చి చూస్తారు. తూనికల ఇన్‌స్పెక్టర్ ముద్ర రాళ్లు పట్టుకుని సంతలు తిరిగినట్టే.

ఇంత చేసినా కన్ను మోసపోతుంది. 1983 సెప్టెంబర్ 26న సోవియట్ రష్యా హెచ్చరిక ఉపగ్రహాలు అమెరికా నుంచి మిస్సైల్ లేచిందన్నాయి, కాసేపటికి మొత్తం ఐదు అన్నాయి. మాస్కో దగ్గర బంకర్లో డ్యూటీలో ఉన్న అధికారి స్టానిస్లావ్ పెట్రోవ్. యుద్ధం మొదలుపెట్టేవాడు ఐదే ఎందుకు వేస్తాడని ఆయన ఆలోచించాడు. నేల మీది రాడార్లకి ఏమీ కనపడలేదు. అది తప్పుడు అలారమని పైకి చెప్పాడు. అదే నిజమైంది. ఎత్తైన మేఘాల మీద పడ్డ ఎండ తిరిగొచ్చి ఉపగ్రహం కంట్లో పడిందని తర్వాత తేల్చారు. మా పలక మీద మా ముగ్గురి ఒంటి వేడి పడ్డట్టు.

ఇక గన్. బ్లాక్‌బాడీని 37 డిగ్రీల దగ్గర, అంటే 98.6 ఫారన్‌హీట్ దగ్గర నిలబెట్టి, మావాడే గన్ పట్టుకుని నొక్కాడు. 98.3. మళ్లీ నొక్కాడు. 98.4. 34 దగ్గర పెట్టి చూశాం, 40 దగ్గర పెట్టి చూశాం. అన్నిచోట్లా దాదాపు సరిగ్గానే చెప్పింది. దాని మీద కేసు పెడదామని వెళ్తే అది నిర్దోషిగా నిలబడింది. మావాడు గన్ బల్ల మీద పెట్టేసి బయటికెళ్లిపోయాడు.

చర్ల అమ్మాయి దాన్ని తీసుకుని అటూ ఇటూ తిప్పింది. వెనకాల చిన్న బటన్. పక్కన ఇంగ్లిష్‌లో చిన్న అక్షరాలు. ఈ గన్లలో రెండు పద్ధతులుంటాయి. ఒకటి "బాడీ", ఇంకోటి "సర్ఫేస్". నుదుటి చర్మం లోపలి ఒళ్లంత వేడిగా ఉండదు, రెండు మూడు డిగ్రీలు చల్లగా ఉంటుంది, చలిలో ఇంకా చల్లబడుతుంది. బాడీ పద్ధతిలో గన్ ఆ తేడాని తనే కలిపి చెప్తుంది. సర్ఫేస్ పద్ధతిలో చర్మం ఎంతుందో అంతే చెప్తుంది, పాల గిన్నె వేడి చూడటానికి అది. హాస్టల్ గన్ మొదటి రోజు నుంచీ సర్ఫేస్‌లోనే ఉంది. పెట్టెలో వచ్చిన కాగితం ఇంగ్లిష్‌లో, చైనా భాషలో ఉంది. ఇచ్చినవాళ్లు చెప్పలేదు, తీసుకున్నవాళ్లకి తెలియదు. పైగా ఇలాంటి గన్‌ని మరీ చల్లటి చోట వాడొద్దని అదే కాగితంలో ఉంటుంది. మన్యంలో నవంబర్ పొద్దున వరండాలో వాడారు.

తర్వాతి నెల మేం ముగ్గురం కలిసి వెళ్లాం. పాత రిజిస్టర్ బీరువాలో దొరికింది. ఆ రోజు పేజీ తీశాం. వరసగా 91.2, 91.8, 90.9, 97.6, 91.5, 91.1. అన్నిటి పక్కనా నార్మల్, నార్మల్, నార్మల్.

ఎవరో నీట్‌గా, కొట్టివేతలు లేకుండా రాశారు. మామూలుగా ఉన్న మనిషి ఒళ్లు 91 ఉండదు. హాస్టల్ మొత్తం 91 ఉంటే ఎవరికీ అనుమానం రాలేదు. ఒక్కడు పక్కవాడికంటే ఆరు డిగ్రీలు ఎక్కువుంటే, ఆ ఒక్క అంకె మనకి పుస్తకంలో అలవాటైన అంకెలా ఉంది కాబట్టి, నార్మల్ అయిపోయాడు. జబ్బు ఆ పేజీలోనే ఉంది. పైనా కిందా చూస్తే చాలు. మావాడు ఆ పేజీని ఫోన్లో ఫొటో తీసుకున్నాడు, ఏమీ అనలేదు. ఆ రోజుల్లో డ్యూటీ చేసిన అక్క ఇప్పుడు అక్కడ లేదు. ఉన్నా ఆమెని ఏమనేవాళ్లమో తెలీదు. ఎనభై మంది పిల్లల్ని ఒక్కతే చూసేది.

తిరుగు బస్సులో గొడవ పడ్డాం. చర్ల అమ్మాయి అంది, "ఆకాశంలో బెలూన్‌కీ బాంబుకీ తేడా తెలియడానికి మైనస్ 250 డిగ్రీల గది కడతారు. మన పిల్లాడి నుదుటికి ఒక బటన్ నొక్కి చూపించేవాడు లేడు. నేను ఆ ఉద్యోగాలకి అప్లై చెయ్యను." జార్ఖండ్‌లో నేతర్‌హాట్ సంగతి కూడా తీసింది. అక్కడ ఫిరంగుల ప్రాక్టీసుకి 245 ఊళ్లు పోతాయని తెలిసి 1990ల్లో మొదలైన ఆదివాసీ పోరాటం దాదాపు ముప్ఫై ఏళ్లు నడిచింది. తండావాడు ఊరుకోలేదు. వాళ్ల నాన్న హైదరాబాద్‌లో సెంట్రింగ్ పనికి పోతాడు. "కేంద్రం ఉద్యోగాల్లో మనకి 7.5 శాతం ఉంది, అందులో ఎన్ని నింపకుండా మిగిలిపోతున్నాయో చూస్తున్నాం. ఇంటర్‌సెప్టర్ వచ్చేదాన్ని ఆపేదే కదా, డాలు లాంటిది, నాకేం తప్పు కనపడలేదు" అన్నాడు. "డాలుకీ కత్తికీ కన్ను ఒక్కటే, ట్యాంకుల్ని కొట్టే నాగ్ మిస్సైల్‌కి కూడా ఇన్‌ఫ్రారెడ్ సీకరే" అని ఆమె. పాడేరు వాడు కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. ఆ వాదన ఇంకా తెగలేదు. తండావాడు అప్లికేషన్ పెట్టాడు. చర్ల అమ్మాయి ఆసుపత్రి పరికరాల కాలిబ్రేషన్ కోర్సు వెతుక్కుంటోంది. పాడేరు వాడు రెండు ఫారాలూ నింపి పెట్టుకున్నాడు.

హాస్టళ్లలో ఉన్న తమ్ముళ్లకి, చెల్లెళ్లకి ఒక పని. మీ గన్ వెనకాల బటన్ చూడండి. "బాడీ" మీద ఉందా? జ్వరం లేని నలుగురికి పెట్టి చూడండి, నలుగురికీ 91, 92 వస్తుంటే పద్ధతి తప్పులో ఉన్నట్టే. గన్‌ని చలిలోంచి తెచ్చిన వెంటనే వాడకండి, గదిలో అరగంట ఉంచండి. నుదుటి చెమట తుడవండి. అనుమానం ఉంటే చంకలో పెట్టే మామూలు థర్మామీటర్‌తో పోల్చండి. గన్ ఎంత చూపించినా, పిల్లాడు వణుకుతుంటే రక్త పరీక్షకి తీసుకెళ్లండి. మేం వెళ్లిన హాస్టల్లో బటన్ మార్చి, మళ్లీ మారకుండా పైన టేపు అంటించాం. ఇప్పుడున్న ఏఎన్‌ఎం అక్క రిజిస్టర్‌లో ఇంకో గడి గీసింది, లైనులో అందరికంటే ఎవరికి ఎక్కువుందో రాయడానికి. ఆ గడి ఆమె ఆలోచనే.

తమ్ముడు ఇప్పుడు తొమ్మిదో తరగతి. ఆ సాయంత్రం గన్ వాడి చేతికిచ్చాం. వాళ్లన్న నుదుటి మీద పెట్టాడు, 97.9. కుక్క మీద పెట్టాడు, గోడ మీద పెట్టాడు. చీకటి పడ్డాక వరండా దాటి బయటికెళ్లి, మబ్బులేని ఆకాశంలోకి ఎత్తి నొక్కాడు. తెర మీద అంకె రాలేదు. "లో" అని రెండక్షరాలు వచ్చాయి.

"అన్నా, ఖరాబైందా?" అన్నాడు.

"లేదురా, సరిగ్గానే చెప్తోంది," అన్నాడు మావాడు, "మళ్లీ నొక్కు."